బ్రేకుల్లేని డిపెండెంట్

సెప్టెంబరు 6

ఇంగ్లండ్‌లో ఒక స్పీడ్‌వే బైక్ రేసుల క్లబ్బు వాళ్ళు మా అమ్మాయి ఇషాను రైడర్‌గా రమ్మన్నారు. రెండు సీజన్ల కాంట్రాక్టు, మార్చి ఆఖర్లో మొదలు. వీడియో కాల్‌లో క్లబ్బు మేనేజరమ్మ మాట్లాడుతుంటే మా ఆవిడ గౌరి వంటింట్లోంచి గరిటతోనే వచ్చి నిలబడింది. నేను మాత్రం గంభీరంగా ఒకటే అడిగాను, వీసా క్యాటగిరీ ఏమిటని.

ఇషా తల పట్టుకుంది. "నాన్నా, ప్లీజ్. ఫస్ట్ కంగ్రాట్స్ చెప్పు."

చెప్పాను. చెప్పి మళ్ళీ అదే అడిగాను.

అడగనా మరి? ఇక్కడ అమెరికాలో, సన్నీవేల్ తెలుగువాళ్ళలో నన్ను వీసా పద్మనాభం అంటారు. ఎవరికి ఏ కాగితం ఆగినా ముందు నాకు ఫోను, తర్వాతే లాయరుకి. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడీ నిలబడీ అబ్బిన విద్య ఇది. ఇషాను రెండేళ్ళ పిల్లప్పుడు తీసుకొచ్చాం. వచ్చే మార్చి తొమ్మిదికి దానికి ఇరవై ఒకటి నిండుతాయి. ఆ రోజుతో అది నా డిపెండెంట్ కాదు, హెచ్-ఫోర్ వీసా అక్కడితో సరి. స్టూడెంట్ వీసా ఎఫ్-వన్ మీదికి మారి కంప్యూటర్ సైన్సు చదవమని నేను, చచ్చినా చదవనని అది. వేసవంతా మా ఇంట్లో ఇదే భారతం.

ఈ ఇంగ్లండ్ వ్యవహారం తేలేది కాదు. అప్లై చేయిస్తాను, అంతే. రేపు నాన్న అడ్డుపడ్డాడనే మాట నాకు రాకూడదు.

సెప్టెంబరు 7

ఆ బండికి బ్రేకులుండవు. ఈ ముక్క ఈ డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో.

సెప్టెంబరు 10

గౌరి ఇవాళ కూరలో ఉప్పు మర్చిపోయి, ఆ తప్పు కూడా నా మీదే వేసింది. "అసలు దాన్ని ఆ బండెక్కించింది మీరు కాదూ?"

నేనే. పదేళ్ళ పిల్ల. పక్కింటి డేవ్ ఒకప్పుడు రైడరు. వాళ్ళ గరాజ్‌లో చిన్న బండి చూసి ఇషా అక్కడే అతుక్కుపోయింది. పిల్లల సమ్మర్ క్యాంపు ఉంది, ఇక్కడ సంతకం పెట్టు అన్నాడు డేవ్. ఆఫీసు కాల్‌లో ఉండి పెట్టేశాను. జీవితంలో నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే. అందులో ఎముకల గురించి ఒక పేరా మొత్తం ఉందని తర్వాత తెలిసింది.

మొదటిరోజు చూడ్డానికి వెళ్ళి బిత్తరపోయాను. మట్టి ట్రాక్, నాలుగు బండ్లు, నాలుగు చుట్లు. వెనక చక్రాన్ని పక్కకి జార్చుకుంటూ ఎప్పుడూ ఎడమకే తిరగాలి. ఆపే సాధనం లేదు. ఇదేం ఆటరా నాయనా అనుకున్నాను. బండి దిగాక ఇషా మొహం చూసి, మాన్పించే ధైర్యం లేకపోయింది.

సెప్టెంబరు 13

కొంప మునిగింది.

క్లబ్బు మేనేజరమ్మ మెయిలిచ్చింది. బయటి దేశం రైడరుకి వీసా కావాలంటే ముందు అక్కడి స్పీడ్‌వే సంస్థ ‘ఈ మనిషి ఆ స్థాయి రైడరే’ అని ఎండార్స్ చెయ్యాలట. దానికి ప్రొఫెషనల్ రేసుల్లో వచ్చిన ఫలితాలు కావాలి. ఇక్కడి ట్రాక్ వాళ్ళ రెండు సీజన్ల పట్టికలు తెప్పించి చూశారట. ఇషా పేరు ఎక్కడా లేదు.

"హౌ?" అంది ఇషా. "ఐ బీట్ దోజ్ గైస్. ఆల్మోస్ట్ ఎవ్రీ వీక్. నువ్వు చూశావు కదా నాన్నా?"

చూశాను. ఎందుకు లేదో కూడా నాకు తెలుసు. అప్పుడే చెప్పలేదు. కార్లో గ్యాస్ కొట్టించాలని బయటికి పోయాను. ట్యాంకు నిండుగానే ఉంది.

సెప్టెంబరు 14

చెప్పేశాను.

పెద్దవాళ్ళ రేసుల్లోకి వచ్చిన మొదటి వారం ట్రాక్ ప్రమోటర్ దాని చేతిలో ఒక కవరు పెట్టాడు. దిగిన ప్రతి రైడరుకీ ఎంతోకొంత ఇస్తారట. నాకు ముచ్చెమటలు పోశాయి. హెచ్-ఫోర్ మీద ఉన్నవాళ్ళు రూపాయి సంపాదించకూడదు! ఎవరైనా పట్టుకుంటే దాని స్టేటస్, మా గ్రీన్‌కార్డు, అన్నీ గోవిందా. కవరు లాక్కుని వెనక్కిచ్చి ప్రమోటర్‌కి దండం పెట్టినంత పని చేశాను. మా అమ్మాయి ప్రొఫెషనల్ కాదు, మీ రికార్డుల్లో ఆ మాట పక్కన దాని పేరు ఉండకూడదు అని. ఆయన వింతగా చూసి సరేనన్నాడు. అప్పట్నుంచి దాన్ని గెస్ట్ రైడర్‌గా దింపుతున్నాడు. గెస్టులకి పాయింట్లు రాయరు.

ఇషా ఏడవలేదు, అరవలేదు. "సో ఐ వాజ్ నెవర్ దేర్," అని పైకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

గౌరి ఊరుకుంటుందా? "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది మీ వ్యవహారం."

నేను జాగ్రత్తపడ్డాను. జాగ్రత్త పడటం తప్పెలా అవుతుంది?

సెప్టెంబరు 15

జాగ్రత్త పడటం తప్పు కాదు.

సెప్టెంబరు 16

తప్పో కాదో తర్వాత. పిల్ల మూడు రోజులుగా గరాజ్‌లోకి వెళ్ళలేదు.

సెప్టెంబరు 18

ఆఫీసుకి సెలవు పెట్టి ట్రాక్‌కి డ్రైవ్ చేశాను. ఇషా కూడా వచ్చింది. ఇటువైపు తల తిప్పలేదుగానీ వచ్చింది.

ప్రమోటర్ ట్రాక్టరు మీద మట్టి చదును చేస్తున్నాడు. దిగి వచ్చి నేను చెప్పిందంతా విన్నాడు. టోపీ తీసి తల గోక్కుని ఆయన అన్నది ఇదీ: "డబ్బు ఒక్కటే వద్దని చెప్పుంటే డబ్బు ఇవ్వకుండా పేరు రాసేవాణ్ణి. వద్దని సంతకం పెట్టి ఊరికే ఆడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నువ్వు డబ్బుతోపాటు పేరు కూడా వద్దన్నావు."

అంతే. ఒక్క సంతకం. పద్ధెనిమిదేళ్ళుగా ఊరి ఫారాలన్నీ నింపినవాణ్ణి, అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు.

పాతవి మార్చడం కుదరదన్నాడు. అయితే సీజన్ ఆఖరి పోటీ ఇరవై ఏడున ఉంది. రాష్ట్రంలో గట్టి రైడర్లంతా వస్తారు. అందులో మామూలు రైడరుగా దింపుతాను, పేరు రాస్తాను అన్నాడు. మేనేజరమ్మకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాం. ఫైనల్లో మొదటి ముగ్గురిలో వస్తే ఆ ఫలితం పెట్టి గట్టిగా అడుగుతానంది. రాకపోతే ఇంక ఏమీ చెయ్యలేనంది.

మా లాయరుకి రెండుసార్లు ఫోన్ చేశాను. డబ్బు ముట్టనంతవరకు దిగొచ్చన్నాడు. మూడోసారి చేస్తే ఎత్తలేదు.

దారిలో ఇషా ఉన్నట్టుండి, "నాన్నా, ఆకలేస్తోంది," అంది. నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. ఎదురుగా కనిపించిన మొదటి ఎగ్జిట్ తీసుకున్నాను.

సెప్టెంబరు 26

గౌరి ఆంజనేయుడికి వడమాల మొక్కుకుంది. రేపు రానంది, చూడలేనంది. నేనూ వెళ్ళకపోయినా ఫరవాలేదు. డేవ్ ఉంటాడు కదా.

సెప్టెంబరు 27

వెళ్ళాను. ముగ్గురం వెళ్ళాం. రానన్న మనిషి అందరికంటే ముందు కార్లో కూర్చుంది.

ఫైనల్‌కి ముందు జరిగే రేసుల్లో, మొదటి హీట్‌లో ఇషా ఆఖరున వచ్చింది. ముందు బండ్లు చిమ్మిన మట్టి మా పులిహోర డబ్బాలో కూడా పడింది. గౌరి కళ్ళు మూసుకుని, "అయిందా? అయిందా?" అని నా మోకాలు గిల్లుతూనే ఉంది. రెండో హీట్‌లో రెండో స్థానం. తర్వాతిది గెలిచింది. మైకులో దాని పేరు చెప్పారు. ‘గెస్ట్’ అనకుండా. ఎప్పట్లాగే సగం తప్పుగా పలికినా నాకు చాలు.

ఫైనల్‌కి నలుగురు. గీత మీద అడ్డంగా కట్టిన స్టార్టింగ్ టేపు లేచింది. మిగతా ముగ్గురూ మగపిల్లలు, ఒక్కొక్కడు దున్నలా ఉన్నాడు. మూడు చుట్లు ఆఖర్నే ఉంది. అయిపోయిందిలే, ఎఫ్-వన్ కాగితాలు రెడీగానే ఉన్నాయి కదా అనుకున్నాను. మరి అలా అనుకున్నవాణ్ణి బెంచీ ఎక్కి ఎందుకు నిలబడ్డానో! ఆఖరి మలుపులో మూడోవాడు లోపలికి జారాడు. ఇషా గోడ పక్కనుంచి, అసలు సందే లేనిచోట నుంచి దూసుకొచ్చింది. గోడకీ దానికీ మధ్య కాగితం కూడా పట్టదు. గీత దాటింది. మూడో స్థానం.

నేను "లెఫ్ట్! లెఫ్ట్!" అని అరిచానట. అక్కడ వేరే దిక్కు లేదు కదండీ అంటుంది గౌరి. నాకేం గుర్తులేదు. గొంతు మాత్రం పోయింది.

కవరు తెచ్చిచ్చారు. ఇషా నావైపు చూసింది. వద్దని సంతకం పెట్టి తిరిగి ఇచ్చేసింది. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

బోర్డు మీద పేరు ఫొటో తీశాను. పదకొండు ఫొటోలు, అన్నీ ఒకటే.

అక్టోబరు 12

సపోర్ట్ లెటర్ నేనే రాశాను. హెచ్-వన్ వీసా లెటర్ల అలవాటు చొప్పున డ్యూటీలకు శాతాలు వేశాను. టేపు లేవగానే క్లచ్ వదలడం పదిహేను శాతం. ఎడమకు తిరగడం అరవై శాతం. స్టేక్‌హోల్డర్లతో సమన్వయం పదిహేను. డాక్యుమెంటేషన్ పది.

ఇషా సోఫాలో పడి నవ్వింది. "నాన్నా, స్టేక్‌హోల్డర్స్ ఎవరు?"

"పక్కన గుద్దుకుంటూ వచ్చే ముగ్గురు."

"డాక్యుమెంటేషన్?"

"అది లేని ఉద్యోగం ఉందా ఈ భూమ్మీద?"

అంత నవ్వు విని చాలా రోజులైంది. మేనేజరమ్మ మాత్రం మర్యాదగా, ఫలితాలు, ఇద్దరు కోచ్‌ల మాట, పాస్‌పోర్ట్ కాపీ చాలంది. నేను పోగేసిన కాగితాల బైండరంతా గరాజ్‌లోకి పోయింది.

నవంబరు 5

ఏమీ రాలేదు.

నవంబరు 17

ఏమీ రాలేదు. శశికాంత్ ఫోన్ చేశాడు, వాళ్ళావిడ వీసా స్టాంపింగ్ గురించి. అంతా చెప్పాక, "అన్నా, మీ బిడ్డ సంగతి ఏమైందే?" అన్నాడు.

"ప్రాసెస్‌లో ఉంది."

"నువ్వుండంగ రంది ఏముంది అన్నా!"

ఫోన్ పెట్టేసి కాసేపు నా మీద నేనే నవ్వుకున్నాను.

డిసెంబరు 6

ఏడాదికి మించిన వీసా కాబట్టి, ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టి, ఇషా తనకి ఇంగ్లీషు వచ్చని పరీక్ష రాసి రుజువు చెయ్యాలట! తెలుగు వచ్చని రుజువు చెయ్యమంటే భయపడాలిగానీ. మొన్న అమ్మమ్మతో ఫోన్‌లో, "నేను బాగుంది, నువ్వు బాగుందా?" అన్న పిల్ల ఇది.

పరీక్ష నుంచి వచ్చాక అడిగాను.

"మీ హాబీ ఏంటి అని ఎగ్జామినర్ అడిగింది. బ్రేక్స్ లేని బైక్ అని చెప్పా. ఆమె చాలా స్లోగా, ‘డు యూ మీన్... బైసికిల్?’ అంది. నా ఇంగ్లీష్ బ్యాడ్ అనుకుంది నాన్నా!"

పాసైంది. గౌరి పాయసం చేసింది.

డిసెంబరు 19

ఎండార్స్ చేశారు! అమ్మయ్య.

మళ్ళీ రాసుకుంటాను. ఎండార్స్ చేశారు. ఫైనల్ ఫలితం చూసి ఒప్పుకున్నారట. ఇక క్లబ్బు స్పాన్సర్‌షిప్ పంపితే వీసాకి అప్లై చెయ్యడమే.

నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. స్వీట్లు మాత్రం ఆఫీసులో అందరికీ పంచాను, బాస్‌కి రెండిచ్చాను.

జనవరి 24

వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. కౌంటర్‌లో అమ్మాయి నన్ను బయటే కూర్చోమంది. "అప్లికెంట్ ఓన్లీ సర్." నేను తండ్రిని అన్నాను. నవ్వి మళ్ళీ అదే అంది. ఇన్నేళ్ళలో ఇషా నాతో కాకుండా ఒక వీసా కౌంటర్ ముందుకెళ్ళడం ఇదే మొదలు. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏం తడబడలేదు.

ఫిబ్రవరి 3

ఏమీ రాలేదు. నాకేం తొందర లేదు.

ఫిబ్రవరి 5

ఏమీ రాలేదు. దాని మెయిల్ పాస్‌వర్డ్ అడిగాను, ఇవ్వలేదు.

ఫిబ్రవరి 10

ఎఫ్-వన్ ఫైలు బయటికి తీసి టేబుల్ మీద పెట్టాను. గౌరి చూసి లోపల పెట్టేసింది. "శుభం పలకరా మంకెన్నా అంటే, అన్న సామెత మీకోసమే పుట్టింది."

నిజం రాస్తాను. వీసా రాకపోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది, కాళ్ళూ చేతులూ భద్రం, కంప్యూటర్ సైన్సు. నాకు కావలసింది అదేనని అందరితో చెప్పాను, ఈ డైరీతో కూడా చెప్పాను. కానీ ఇవాళ పొద్దున దేవుడి గది ముందు ఆగి, ఇప్పించు స్వామీ అని అడిగింది నేనే. ఆ గోడ పక్క సందులోంచి వచ్చిన పిల్లని క్లాసులో ఎలా కూర్చోబెట్టను?

ఫిబ్రవరి 17

వచ్చేసింది.

మీటింగ్‌లో ఉన్నాను. ఇషా మెసేజ్, ఒక్క ముక్క: "నాన్నా." మీటింగ్ మధ్యలోంచి లేచి బయటికొచ్చాను. కాల్ చేస్తే ఎత్తగానే ఏడుపు. రాలేదనుకుని, "ఫరవాలేదమ్మా, అప్పీల్ ఉంటుంది, నేను చూసుకుంటా," అంటున్నాను. అటు గౌరి ఫోన్ లాక్కుని, "ఏమండీ, వచ్చిందండీ, ఏడుపు ఆనందానికి!" అని అరిచింది.

ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కార్లో కూర్చుని నేనూ ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో. చొక్కా లోపల పద్ధెనిమిదేళ్ళ బరువేదో ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. దీని కాగితం కోసం నా కాగితం చూపించక్కర్లేదు. నా ఉద్యోగం పోయినా దీని వీసా పోదు. ఇది రాసుకుంటుంటే కూడా నవ్వొస్తోంది.

మార్చి 4

ఎయిర్‌పోర్ట్‌లో వదిలి వచ్చాం. ఇషా సూట్‌కేసులో సగం ఆవకాయ, సగం హెల్మెట్టు.

మళ్ళీ ఈ దేశం రావాలంటే అది టూరిస్టుగా రావాలి. పెరిగిన ఊరికి టూరిస్టు. ఆ మాట దారిలో గౌరితో అనలేదు. గౌరే అంది. "మన దగ్గరికే కదండీ, దేనిమీద వస్తే ఏం?" అంది. సరేలే అనిపించింది.

డేవ్ కూడా మాతోపాటు వచ్చాడు. వాళ్ళింటి ముందు కారు దిగేముందు నా భుజం తట్టాడు.

మార్చి 9

పుట్టినరోజు. వీడియోలో కేకు కోసింది. వెనక ఎవరో బండి స్టార్ట్ చేస్తే ఒక్క మాట వినపడలేదు. ఈ రోజుకి భయపడుతూ ఎన్ని రాత్రులు లెక్కలేశానో! వచ్చింది, పోయింది. ఏమీ కాలేదు. మధ్యాహ్నం పప్పన్నం తిని పడుకున్నాను.

ఏప్రిల్ 2

మొదటి మ్యాచ్ ఆన్‌లైన్‌లో చూశాం. ఒక రేసులో పడింది. గౌరి కేకకి డేవ్ పరుగెత్తుకొచ్చాడు. ఇషా లేచి, మట్టి దులుపుకుని, జనానికి చెయ్యి ఊపింది. తర్వాతి రేసులో రెండో స్థానం.

బ్రేకులు ఇప్పటికీ లేవు.

మే 16

జులైలో మేమిద్దరం వెళ్తున్నాం. మా విజిటర్ వీసా అప్లికేషన్లు ఇషానే నింపింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. నిన్నంతా ఫోన్‌లో ఒకటే పోరు.

"నాన్నా, నీ ట్రావెల్ డేట్స్ ఇంకా పంపలేదు. ఎన్నిసార్లు చెప్పాలి? క్లియర్ స్కాన్ పంపు. షాడో వస్తోంది."

అచ్చం నా గొంతు. గౌరి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇవాళ ఇన్విటేషన్ లెటర్ పంపింది. మా అమ్మానాన్నల కోసం నేను రాసుకున్న పాత నమూనానే. సగం సన్నీవేల్ వాడుకున్నది. పేర్లు మాత్రం మార్చింది. మా తల్లిదండ్రులను ఆహ్వానిస్తున్నాను, ఉన్నన్నాళ్ళూ వసతీ తిండీ నా బాధ్యత అని. పైన దాని పేరు, పేరు కింద వృత్తి: ప్రొఫెషనల్ స్పీడ్‌వే రైడర్.

ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. దాని పేరు పక్కన అది ఉండకూడదని ప్రమోటర్‌ని బతిమాలింది నేనే. ఎంత చక్కగా ఉందో అక్కడ. బొట్టు పెట్టినట్టుంది.

"ఏమైనా తప్పులున్నాయా?" అంది గౌరి.

"లేవు."

అప్లికేషన్ ప్రింట్ తీస్తే చాలా పేజీలొచ్చాయి. ఇషా ఫోన్‌లోనే ఉంది. "నాన్నా, మొత్తం చదివి సైన్ చెయ్యి. నువ్వు తప్పులు పట్టుకుంటావు కదా."

"చదివానమ్మా," అన్నాను.

చదవలేదు. తిన్నగా ఆఖరి పేజీ తీసి సంతకం పెట్టేశాను. జీవితంలో ఇది రెండోది.